అమెరికా నుంచి పంపిన డబ్బు ఆలస్యంగా, తక్కువగా జమైంది: ఏ దేశంలో, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: డాలస్ వాసి

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాను. మార్చి నెలలో విజయవాడలో మా నాన్నగారికి మోకీలు మార్పిడి శస్త్రచికిత్స నిర్ణయమైంది. ఆసుపత్రి ఖర్చులకు, ఆ తర్వాత ఇంట్లో అవసరాలకు కలిపి ఒక యాప్ ద్వారా నా బ్యాంకు ఖాతా నుంచి 10,000 డాలర్లు పంపాను. ఆ యాప్ వాడటం అదే మొదటిసారి కాబట్టి, కొత్తవారికి ఇచ్చే ప్రత్యేక ధర కింద డాలరుకు 87 రూపాయల 20 పైసల చొప్పున 8,72,000 రూపాయలు రెండు పనిదినాల్లో నాన్నగారి ఖాతాలో జమవుతాయని డబ్బు కట్టకముందు తెర మీదా, కట్టిన తర్వాత ఈమెయిల్‌లో వచ్చిన రసీదులోనూ స్పష్టంగా రాసి ఉంది. విడిగా రుసుము ఏమీ తీసుకోలేదు.

రెండు రోజులు గడిచినా డబ్బు రాలేదు. ఐదో రోజున ఫోన్ చేస్తే, పేరు సరిపోలనందువల్ల ఇండియాలోని బ్యాంకు ఆ మొత్తాన్ని తిప్పి పంపిందని చెప్పారు. నాన్నగారి పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంది. నేను ఆధార్ కార్డులో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా రాశాను. ఖాతా సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మాత్రం సరైనవే. ఆ తర్వాత నన్ను ఏమీ అడగకుండానే కంపెనీ మళ్లీ పంపింది, పదమూడో రోజున 8,57,000 రూపాయలు జమయ్యాయి. ప్రత్యేక ధర మొదటి లావాదేవీకే వర్తిస్తుందని, రెండోసారి పంపడాన్ని కొత్త లావాదేవీగా లెక్కగట్టి ఆనాటి ధర 85 రూపాయల 70 పైసలు ఇచ్చామని ఒకరు అన్నారు. మరో రోజు ఫోన్ ఎత్తినవారు, ఆ 15,000 రూపాయలు మీ నాన్నగారి బ్యాంకే కోసుకొని ఉంటుందన్నారు. ఆ బ్యాంకును అడిగితే, వచ్చిందంతా జమ చేశామని, మిగతాది అమెరికాలోనే తేల్చుకోమని చెప్పారు.

శస్త్రచికిత్స వాయిదా వేసే వీలు లేక, ఈలోగా అమ్మ తన నాలుగు గాజులు తాకట్టు పెట్టి, చాలనిదానికి తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. ఈ సంగతి నాకు చెప్పనే లేదు. వారం తర్వాత వీడియో కాల్‌లో ఆమె చేతులు బోసిగా కనిపిస్తే, గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను.

నా ప్రశ్నలు రెండు. ఇలాంటప్పుడు అధికారికంగా ఎవరికి ఫిర్యాదు చేయాలి? రెండు దేశాల మధ్య నడిచే ఈ వ్యవహారాలను చూసే అంతర్జాతీయ సంస్థ ఏదైనా ఉందా?

సమాధానం: ఎడిసన్ నుంచి

డాలస్ వాసి గారూ, నేను న్యూజెర్సీలో ఒక డబ్బు బదిలీ కంపెనీలో నిబంధనల అమలు విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. మీ మొదటి ప్రశ్నకు సమాధానం అమెరికాలోనే ఉంది, అదీ మీకు చాలావరకు అనుకూలంగా ఉంది.

అమెరికాలోని వ్యక్తి సొంత, కుటుంబ అవసరాల కోసం 15 డాలర్లకు మించి విదేశానికి పంపే ప్రతి బదిలీకీ వర్తించే ప్రత్యేక నిబంధన ఒకటి 2013 అక్టోబరు 28 నుంచి అమల్లో ఉంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం దీనికి మూలం. ఏడాదికి 500కు మించి ఇలాంటి బదిలీలు చేసే సంస్థ, అది యాప్ అయినా బ్యాంకు అయినా, దీనికి లోబడవలసిందే. డబ్బు తీసుకోకముందే మారకపు ధర, రుసుములు, అవతలివారికి అందే మొత్తం చూపించాలి. తీసుకున్నాక ఇచ్చే రసీదులో ఏ తేదీకి అందుతుందో కూడా రాయాలి. కట్టిన 30 నిమిషాల లోపు, అవతలివారు ఇంకా తీసుకోని పక్షంలో, రద్దు చేసుకొనే హక్కు మీది. మీ దగ్గర ఉన్న ఆ ఈమెయిల్ రసీదుకు అంత విలువ ఉన్నది ఇందుకే. అందులోని 8,72,000 అనే అంకె మాటవరసకు చెప్పిన అంచనా కాదు, కంపెనీని కట్టుబడేటట్టు చేసే లెక్క.

రసీదులో చెప్పిన తేదీకి డబ్బు అందకపోవడం, చెప్పినదానికన్నా తక్కువ అందడం, ఈ రెండూ ఆ నిబంధన ప్రకారం పొరపాట్లే. డబ్బు అందవలసిన తేదీ నుంచి 180 రోజుల లోపు మీరు కంపెనీకి తెలియజేయాలి. వారు 90 రోజుల్లో విచారణ పూర్తిచేసి, పూర్తయిన 3 పనిదినాల్లో ఫలితం మీకు చెప్పాలి. పొరపాటు రుజువైతే తగ్గిన మొత్తాన్ని మీకు తిప్పి ఇవ్వడమో, అదనపు ఖర్చు లేకుండా మీ నాన్నగారికి అందించడమో చేయాలి, ఆ రెండింటిలో ఏది కావాలో కోరుకొనే వీలు మీకు ఉంటుంది.

కంపెనీ తప్పకుండా ఒక వాదన తెస్తుంది: పేరు తప్పుగా ఇచ్చింది మీరే కదా అంటుంది. పంపినవారు తప్పు వివరాలు ఇచ్చిన సందర్భానికి ఆ నిబంధనలో వేరే దారి ఉన్న మాట నిజమే. కానీ అప్పుడు కూడా డబ్బు మీకు తిప్పి ఇవ్వాలి, లేదా మీరు కోరితే దాన్ని కొత్త బదిలీగా పంపాలి. మీరు కోరకుండా, మీకు చెప్పకుండా కొత్త ధరకు పంపడం నాకు సమర్థనీయంగా కనిపించడం లేదు. అన్నిటికన్నా ముందు, ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు రాయడం తప్పు వివరం ఇవ్వడం ఎలా అవుతుందో వారినే రాతపూర్వకంగా చెప్పమనండి. మోసాల నివారణ తనిఖీల వల్ల జరిగిన ఆలస్యానికి మాత్రం కంపెనీకి మినహాయింపు ఉంది, కాబట్టి ఆ పదమూడు రోజుల్లో ఏ రోజు ఏం జరిగిందో తేదీలవారీగా అడగడం చాలా అవసరం.

ఇకపై ఫోన్లు చేయకండి. నేను ఆ విభాగంలో ఉన్నప్పుడు, ఫోన్‌లో వచ్చిన ఫిర్యాదుకూ, 'బదిలీలో జరిగిన పొరపాటుపై ఫిర్యాదు' అని శీర్షిక పెట్టి బదిలీ సంఖ్య, తేదీ, అందవలసిన మొత్తం, అందిన మొత్తం రాసి పంపిన ఈమెయిల్‌కూ లోపల జరిగే పనిలో ఎంత తేడా ఉండేదో కళ్లారా చూశాను. చట్టం దృష్టిలో నోటిమాటా చెల్లుతుంది, కానీ ఈమెయిల్ అందిన తేదీని ఎవరూ కాదనలేరు.

కంపెనీ సరిగ్గా స్పందించకపోతే సీఎఫ్‌పీబీ అనే కేంద్ర వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి. కంపెనీలు సాధారణంగా 15 రోజుల్లో సమాధానం ఇస్తాయి. అయితే 2025 ఆరంభం నుంచి ఆ సంస్థను బాగా కుదించే ప్రయత్నాలు, వాటిపై కోర్టు వ్యాజ్యాలు నడుస్తున్నాయి కాబట్టి దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడమని చెప్పలేను. మీరు టెక్సస్‌లో ఉన్నారు. అక్కడ డబ్బు బదిలీ కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది ఆ రాష్ట్ర బ్యాంకింగ్ శాఖ, అది ఫిర్యాదులూ తీసుకుంటుంది. లైసెన్సు ఇచ్చిన చోటు నుంచి వచ్చే ఉత్తరాన్ని ఏ కంపెనీ తేలికగా తీసుకోదు.

వడ్డీ నష్టం మాత్రం ఈ నిబంధన కింద రాదు. మీ అమ్మగారు పడిన ఇబ్బంది తలచుకుంటే ఈ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ ఆలస్యం వల్ల పర్యవసానంగా కలిగిన నష్టాలను ఈ విచారణలో లెక్కలోకి తీసుకోరు.

సమాధానం: తెనాలి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

పై సమాధానం చాలా బాగుంది. ఇండియా వైపు సంగతి నేను చెబుతాను.

ముందుగా ఆ 15,000 రూపాయలను మీ నాన్నగారి బ్యాంకు కోసుకుందన్న మాటను పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే లెక్కే అందుకు సాక్ష్యం. డబ్బు డాలర్ల రూపంలో వచ్చి ఇక్కడి బ్యాంకు రూపాయల్లోకి మార్చి ఉంటే, ఆ మార్పిడి సేవ మీద జీఎస్‌టీ పడేది. 8,57,000 రూపాయలకు ఆ లెక్క ఇలా ఉంటుంది: మొదటి లక్షకు 1,000 రూపాయలు, మిగిలిన 7,57,000కు అర శాతం చొప్పున 3,785 రూపాయలు, మొత్తం 4,785 సేవ విలువగా తీసుకొని, దాని మీద 18 శాతం అంటే 861 రూపాయల 30 పైసలు పన్ను. బ్యాంకు సొంత రుసుము దీనికి అదనం. మీ నాన్నగారి ఖాతాలో సరిగ్గా 8,57,000 జమైంది కాబట్టి, ఆ డబ్బు కంపెనీ తరఫున ఇండియాలోని మరో బ్యాంకు నుంచి రూపాయల్లోనే వచ్చి ఉండాలి. పాస్‌బుక్కులో ఆ జమ పక్కన యూటీఆర్ సంఖ్య, అంటే ఆ బదిలీని గుర్తించే సంఖ్య, ముద్రించి ఉంటుంది. ఆ పేజీ ఫొటో తీసి ఈమెయిల్‌కు జతచేయండి.

పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎన్ఈఎఫ్‌టీ, అంటే బ్యాంకుల మధ్య ఎలక్ట్రానిక్ బదిలీ, ద్వారా వచ్చే సొమ్మును ఖాతా సంఖ్య ఆధారంగానే జమ చేయవచ్చని ఆర్‌బీఐ 2010లోనే స్పష్టం చేసింది. అయినా విదేశాల నుంచి వచ్చిన సొమ్ము అనగానే శాఖల్లో పేరు పోల్చి చూడటం నా ఉద్యోగకాలం నుంచీ ఉన్న అలవాటే. మన పేర్లతో వచ్చే చిక్కు నేను కౌంటరు వెనుక నుంచి ఎన్నోసార్లు చూశాను: పాత పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పాన్ కార్డులో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో మరోలా. మనిషి ఒక్కరే, పేర్లు నాలుగు. తప్పు ఎవరిదో తేల్చడం కన్నా, మీ నాన్నగారు శాఖకు వెళ్లి ఖాతాలోని పేరును ఆధార్, పాన్‌లతో సరిచేయించుకోవడం తక్షణం జరగవలసిన పని.

బ్యాంకును అడగవలసింది ఒకటి ఉంది. మొదటిసారి వచ్చిన సొమ్మును వారు ఏ తేదీన, ఏ సమయానికి తిప్పి పంపారు? జమ చేయలేని ఎన్ఈఎఫ్‌టీ సొమ్మును అది వచ్చిన విడత (బ్యాచ్) ముగిసిన రెండు గంటల్లో వెనక్కి పంపాలి. జమ చేయడంలో గానీ, తిప్పి పంపడంలో గానీ ఆలస్యం చేస్తే, రెపో రేటుకు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు, 2 శాతం కలిపి ఆలస్యమైన రోజులకు వడ్డీ ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు దగ్గర జరిగిందని తేలితే మీ నాన్నగారు ఖాతాదారుగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు విని పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, 14448 నంబరుకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. బ్యాంకుకు చెప్పకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళితే మాత్రం ఫిర్యాదును స్వీకరించరు.

అమెరికా కంపెనీ చేసినదానిపై మన అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు. ఆయన పరిధి ఆర్‌బీఐ నియంత్రణలో ఉన్న సంస్థల వరకే. రెండు ఫిర్యాదులను కలిపి ఒకే కాగితం మీద రాస్తే రెండూ నిలవవు.

సమాధానం: జగిత్యాల నుంచి

పైవారు చెప్పింది అమెరికాలో ఉద్యోగం చేసేవారికి ఉపయోగపడుతుంది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల సంగతి కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. ఆర్‌బీఐ 2023-24 సర్వే ప్రకారం విదేశాల నుంచి మన దేశానికి వచ్చే సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతమైతే, యూఏఈ వాటా 19.2 శాతం. తెలంగాణకు వచ్చే దాంట్లో గల్ఫ్ కష్టం ఎంత ఉందో మా జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా కొత్త ఇళ్లు చూసి చెప్పవచ్చు.

నేను దుబాయిలో పద్నాలుగేళ్లు ఉండి వచ్చాను. క్యాంపులో మేం తెలుగువాళ్లం ఇరవై మందికి పైగా ఉండేవాళ్లం. డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ దూరం, సెలవు ఒక్క రోజు, అక్కడ వరుస పెద్దది. అందుకని ఒకరే వెళ్లి నలుగురి డబ్బు తన గుర్తింపు కార్డు మీదే పంపేవారు. ఒకసారి నేను పంపమని ఇచ్చిన 1,500 దిర్హాములు ఖాతా సంఖ్యలో ఒక అంకె తారుమారై ఎవరికో జమైంది. నేను వెళ్లి అడిగితే, రసీదు నీ పేరు మీద లేదు, పంపినాయన్ని తీసుకురా అన్నారు. ఆ అన్న అప్పటికే సెలవు మీద కోరుట్లకు వెళ్లిపోయాడు. ఆయన తిరిగి వచ్చి దరఖాస్తు పెట్టేదాకా ఫైలు కదలలేదు. డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ ఇంటి దగ్గర బిడ్డ ఫీజు ఆగిపోయింది. డబ్బు ఎవరిదైనా, రసీదు మీద పేరున్నవాడే అక్కడ వినియోగదారుడు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నా డబ్బు నా కార్డు మీదే పంపేవాణ్ణి.

ఇప్పుడు యూఏఈలో 'సనదక్' పేరుతో బ్యాంకులు, ఎక్స్ఛేంజ్‌లు, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు సంఖ్య తీసుకొని, పని కాకపోతే అక్కడికి వెళ్లాలి. మా రోజుల్లో ఇది లేదు. ఇంగ్లీషు, అరబీ రాకపోతే క్యాంపులో చదువుకున్న తమ్ముళ్ల సాయం అడగండి, సిగ్గుపడవద్దు. హుండీలో, అంటే బ్యాంకుతో పని లేకుండా చేతుల మీదుగా, పంపితే రెండు రూపాయలు ఎక్కువ వస్తుందని ఆశపడేవారు ఇప్పటికీ ఉన్నారు. అందులో రసీదు లేదు, లైసెన్సు లేదు, పోతే ఎవరినీ అడగలేం, పైగా మన దేశంలో చట్టవిరుద్ధం.

సమాధానం: లండన్ పరిశోధక విద్యార్థి

మీ రెండో ప్రశ్నకు నా వంతు సమాధానం. ఆర్థిక సేవల వినియోగదారుడు నేరుగా తలుపు తట్టగల అంతర్జాతీయ సంస్థ లేదు. ఉన్నవన్నీ ప్రభుత్వాలు, నియంత్రణ సంస్థలు కూర్చొని మాట్లాడుకొనే వేదికలు. జీ20 దేశాల కోసం, ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే ఆర్థిక సహకార సంస్థ 2011లో ఆర్థిక వినియోగదారుల రక్షణ సూత్రాలను రూపొందించింది, 2022లో వాటిని సవరించి పన్నెండుకు పెంచింది. సమాచారం దాచకుండా చెప్పడం, న్యాయంగా వ్యవహరించడం, ఫిర్యాదుకు సరైన మార్గం చూపడం వంటివి అందులో ఉన్నాయి. వివిధ దేశాల పర్యవేక్షణ సంస్థలు కలిసి ఏర్పరచుకున్న ఫిన్‌కోనెట్, అంబుడ్స్‌మన్ సంస్థల మధ్య అనుభవాలు పంచుకొనే ఇన్ఫో నెట్‌వర్క్ కూడా పనిచేస్తున్నాయి. అవేవీ మీ 15,000 రూపాయల మీద తీర్పు చెప్పవు. ఆ సూత్రాలు ఒక దేశపు చట్టంలోకి దిగినప్పుడే వాటికి బలం వస్తుంది, కాబట్టి లైసెన్సు ఏ దేశానిదో ఆ దేశపు చట్టమే మీకు దిక్కు.

ఐరోపాలో మాత్రం దీనికి దగ్గరగా వచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. ఫిన్‌-నెట్ పేరుతో 2001 నుంచి నడుస్తున్న ఆ అమరికలో, ఒక సభ్యదేశంలో ఉండేవారికి మరో సభ్యదేశంలోని బ్యాంకుతో వివాదం వస్తే, తమ దేశపు అంబుడ్స్‌మన్‌నే అడగవచ్చు. ఆ సంస్థ సరైన చోటికి దారి చూపుతుంది. ఇండియాకూ సింగపూర్‌కూ మధ్య 2023 ఫిబ్రవరిలో యూపీఐని అక్కడి చెల్లింపుల వ్యవస్థ పేనౌతో కలిపారు, డబ్బు క్షణాల్లో దాటుతోంది. ఫిర్యాదు కూడా అలాగే ఒక అంబుడ్స్‌మన్ నుంచి మరో అంబుడ్స్‌మన్‌కు దాటే ఒప్పందం గల్ఫ్ దేశాలతో, అమెరికాతో మనకు ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. జగిత్యాల నుంచి రాసిన పెద్దాయనకు అలాంటిది ఉండి ఉంటే, ఆ అన్న కోరుట్ల నుంచే దరఖాస్తు పెట్టి ఉండేవాడు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఒక హెచ్చరిక. మోసగాళ్ల మాట నమ్మి మనమే పంపిన డబ్బును బ్యాంకులు 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలనే నియమం 2024 అక్టోబరు 7న వచ్చింది, కానీ అది బ్రిటన్ లోపలి చెల్లింపులకే. డబ్బు విదేశీ ఖాతాకు వెళితే ఆ నియమం వర్తించదు. మామూలు బదిలీల ఫిర్యాదులకైతే కంపెనీ 15 పనిదినాల్లో, అసాధారణ పరిస్థితుల్లో 35 పనిదినాల్లో తుది సమాధానం ఇవ్వాలి. ఆ సమాధానం వచ్చిన ఆరు నెలల లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరకు ఉచితంగా వెళ్లవచ్చు.

డాలస్ వాసి, ఏడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. ఎడిసన్ వారు చెప్పినట్టే శీర్షిక పెట్టి, రసీదు, పాస్‌బుక్కు పేజీ జతచేసి కంపెనీకి ఈమెయిల్ పంపాను. మొదట వచ్చిన జవాబులో, పేరు తప్పు ఇచ్చింది మీరేనన్నారు. తెనాలి పెద్దలు చెప్పిన ప్రకారం నాన్నగారు శాఖలో అడిగి, మొదటి సొమ్మును వచ్చిన రోజునే తిప్పి పంపామని రాతపూర్వకంగా తెచ్చుకున్నారు. ఆ కాగితాన్ని, టెక్సస్ బ్యాంకింగ్ శాఖకు పెట్టిన ఫిర్యాదు నకలును కలిపి మళ్లీ పంపాను. తిరిగివచ్చిన డబ్బు తొమ్మిది రోజుల పాటు తమ దగ్గరే ఉండిపోయిందని, నన్ను అడగకుండా కొత్త ధరకు పంపడం సరికాదని అప్పుడు ఒప్పుకున్నారు. పోయిన మంగళవారం 15,000 రూపాయలు నాన్నగారి ఖాతాలో జమయ్యాయి. వడ్డీ సంగతి అడిగితే, కుదరదన్నారు.

గాజులు అంతకుముందే విడిపించాం. నాన్నగారు కర్ర సాయంతో శాఖకు వెళ్లి పేరు మార్పు దరఖాస్తు కూడా ఇచ్చారు. ఇంటిపేరు పూర్తిగా అచ్చయిన కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీని నిన్న నాకు ఫొటో తీసి పంపారు.